ఒకే కాలేజీ, మూడు యూనివర్సిటీల పట్టాలు: ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా) కోసం ఎక్కడికి వెళ్లాలి?

పటమట వాసి:
మా ఇంట్లో ముగ్గురు విజయవాడలో ఒకే కాలేజీలో డిగ్రీ చేశారు. తాతయ్య 1973లో పాసయ్యారు, మార్కుల మెమో మీద ఆంధ్రా యూనివర్సిటీ అని ఉంది. అమ్మది 1994, నాగార్జున యూనివర్సిటీ. తమ్ముడిది 2014, కృష్ణా యూనివర్సిటీ. అమ్మ దగ్గర మెమోలు, ప్రొవిజనల్ (తాత్కాలిక పట్టా) ఉన్నాయి గానీ ఓడీ అప్పట్లో తీసుకోలేదు. కాలేజీ ఇప్పుడు కృష్ణా యూనివర్సిటీ కింద ఉంది కాబట్టి మచిలీపట్నం వెళ్లమని ఒకరు, కాదు నాగార్జున యూనివర్సిటీ ఉన్న నాగార్జున నగర్ అని ఇంకొకరు అంటున్నారు. ఏది సరైనది? అసలు ఇన్నిసార్లు ఎందుకు మారింది?

బ్రాడీపేట:
నాగార్జున నగరే వెళ్లాలండి. కాలేజీ ఈ రోజు ఎవరి కింద ఉందన్నది లెక్కలోకి రాదు. పరీక్ష పెట్టి మెమో ఇచ్చిన యూనివర్సిటీ దగ్గరే అందరి మార్కులు రాసి ఉంచే టాబ్యులేషన్ రిజిస్టర్ ఉంటుంది, ఓడీ కూడా ఆ రిజిస్టర్ చూసే రాస్తారు. తాతయ్యగారిది కావాలంటే విశాఖపట్నమే.

ఎందుకు మారిందంటే, కథ బెజవాడలోనే మొదలవుతుంది. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ పెట్టినప్పుడు దాని ఆఫీసు ఇక్కడే. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి వైస్ ఛాన్సలర్. 1930లో విశాఖలోని వాల్తేరుకు తరలిపోయింది. 1942 ఏప్రిల్లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక కొంతకాలం గుంటూరు నుంచి నడిచింది. ఆ తర్వాత కృష్ణా, గుంటూరు జిల్లాల పిల్లలు పీజీ చదవాలంటే విశాఖ దాకా వెళ్లాల్సిందే. ఆ బాధ కొంత తీర్చడానికి 1967లో గుంటూరులో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు పెట్టారు. ఆ సెంటరే 1976లో నాగార్జున యూనివర్సిటీ అయింది. ఆ సెప్టెంబరు 11న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల కాలేజీలు దాని కిందికి వచ్చాయి. విజయవాడకూ గుంటూరుకూ మధ్యలో, హైవే పక్కనే క్యాంపస్ పెట్టడం మంచి నిర్ణయం. రెండు ఊళ్లవాళ్లూ పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

పేరు కూడా ఇక్కడి నేలదే. మాధ్యమిక దర్శనం చెప్పిన బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడికీ, శ్రీపర్వతానికీ (నాగార్జునకొండ), అమరావతికీ ఉన్న సంబంధం చూసి పెట్టారు. మహాయాన బౌద్ధ అధ్యయన కేంద్రం ఉండడానికీ కారణం అదే. 2004లో పేరు ముందు ‘ఆచార్య’ చేరింది.

2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా యూనివర్సిటీ వచ్చింది. నూజివీడులో ఉన్న నాగార్జున పీజీ సెంటరు కూడా దానికే వెళ్లింది. తర్వాత ఒంగోలు పీజీ సెంటరు ఆంధ్రకేసరి యూనివర్సిటీ అయింది. 2022లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా, జిల్లా పేరు మారినంత మాత్రాన కాలేజీ యూనివర్సిటీ మారలేదు. ఈ రెండింటినీ కలిపేసుకుని తికమక పడేవాళ్లు చాలామంది.

గుణదల:
పైన చెప్పింది సాదా డిగ్రీల సంగతి. వైద్యం, ఇంజనీరింగ్ వాళ్ల దారి వేరు. 1986లో విజయవాడలో హెల్త్ యూనివర్సిటీ రాకముందు ఇక్కడ ఎంబీబీఎస్ చేసినవాళ్ల పట్టాల మీద నాగార్జున యూనివర్సిటీ అని ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో కొన్ని కాకినాడ జేఎన్టీయూకి వెళ్లాయి, కొన్ని నాగార్జునలోనే ఉండిపోయాయి. 2008 నుంచి 2012 దాకా చదివినవాళ్లయితే ఏ కోర్సయినా సరే, మెమో తీసి పైన ఎవరి పేరుందో చూసుకోకుండా బస్సెక్కొద్దు. దూరవిద్యలో చదివినవాళ్లు నేరుగా దూరవిద్యా కేంద్రాన్నే అడగాలి.

లక్ష్మీపురం:
ఇక పని సంగతి. ఓడీ దరఖాస్తుకి రిజిస్టర్ నంబరు, పాసైన నెల, సంవత్సరం తప్పనిసరి. సంవత్సరం ఒక్కటే రాస్తే మార్చి/ఏప్రిల్‌లో పాసయ్యారో, సప్లిమెంటరీలోనో తెలియక రిజిస్టర్ దొరకదు. జతచేయాల్సినవి: ప్రొవిజనల్, మూడేళ్ల మెమోలు, పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్. అన్నిటికీ రెండేసి జెరాక్సులు, మెమోలకు మాత్రం రెండు వైపులా తీయించండి. ఒరిజినల్స్ చూపించడానికే గానీ ఇచ్చి రావద్దు. ఫీజు ఎంతో యూనివర్సిటీ వెబ్‌సైటులో ఆ రోజు చూసుకునే కట్టండి, పాత చలానా పట్టుకెళ్తే వెనక్కి పంపుతారు.

ఎక్కువమందికి ఆగిపోయేది పేరు దగ్గర. పాత మెమోల మీద ఇంటిపేరు పొడి అక్షరాలే ఉంటాయి, ఓడీకి పదో తరగతిలో ఉన్నట్టు పూర్తి పేరు కావాలి. ‘లక్ష్మి’ ఒకచోట ఇంగ్లీషులో ‘ఎక్స్’తో, ఇంకోచోట ‘కేఎస్‌హెచ్’తో ఉన్నా ఆపుతారు. ముందు దిద్దుబాటు దరఖాస్తు పెట్టి, అది తేలాకే ఓడీకి పెట్టాలి. రెండూ ఒకేసారి పెడితే తప్పు పేరుతోనే ఓడీ అచ్చయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

పటమట వాసి:
చాలా థాంక్సండి. మెమోల్లో పార్ట్ 1, పార్ట్ 2 అని విడివిడిగా క్లాసు వేసి ఉంది. ఒకదాంట్లో సెకండ్, ఒకదాంట్లో ఫస్ట్. దేన్ని పట్టాలి? తర్వాత విదేశానికి ట్రాన్‌స్క్రిప్టులు (యూనివర్సిటీ ధ్రువీకరించి ఇచ్చే మార్కుల వివరాలు) కూడా పంపాలేమో.

లక్ష్మీపురం:
పార్ట్ 1 అంటే ఇంగ్లీషు, తెలుగు లాంటి భాషలు. పార్ట్ 2 గ్రూపు సబ్జెక్టులు. పీజీ అడ్మిషనుకైనా ఉద్యోగానికైనా సాధారణంగా పార్ట్ 2 క్లాసే చూస్తారు, కానీ దరఖాస్తులో రెండూ రాయాలి. ట్రాన్‌స్క్రిప్టులకు పార్ట్ 1 మెమోలు వదిలేసి ఆఖరి సంవత్సరానివి మాత్రమే పెడితే అసంపూర్ణమని తిరిగొస్తుంది. కవరు యూనివర్సిటీవాళ్లే అంటించి, మూత మీద అడ్డంగా సంతకం, స్టాంపు వేసి ఇవ్వాలి. సగం స్టాంపు మూత మీద, సగం కవరు మీద పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఆ కవరు మీరు విప్పితే ఇక చెల్లదు.

ఇంకో మాట. అమ్మగారి మెమోల మీద ‘నాగార్జున యూనివర్సిటీ’, ఇప్పుడిచ్చే ట్రాన్‌స్క్రిప్టు మీద ‘ఆచార్య నాగార్జున యూనివర్సిటీ’ అని వస్తుంది. రెండు వేరు సంస్థలని అవతలివాళ్లు అనుకోకుండా, పేరు మారిందని ఒక లేఖ కూడా అడిగి తీసుకోండి.

బ్రాడీపేట:
విజయవాడ బస్టాండు నుంచి గుంటూరు నాన్‌స్టాప్ ఎక్కొద్దు, అది యూనివర్సిటీ దగ్గర ఆగదు. పల్లెవెలుగు ఎక్కి యూనివర్సిటీ స్టాపు అని చెప్పి టికెట్ తీసుకోండి. మంగళగిరి, కాజ టోల్‌గేటు దాటాక వస్తుంది. పొద్దున్నే వెళ్తే సెక్షన్లో ఏదైనా కాగితం తగ్గిందన్నా మధ్యాహ్నంలోపు జెరాక్సు తీయించి మళ్లీ ఇవ్వొచ్చు.