ఉగాది పాటల కార్యక్రమం: కీబోర్డ్ బ్యాటరీ ఈ వారమే మార్చాలి

సంగీతం బాధ్యత:
అందరికీ నమస్కారం. నిన్న రిహార్సల్లో మన సంఘం కీబోర్డ్, అదే కోర్గ్ ఎమ్1, ఆన్ చేయగానే లోపలి బ్యాటరీ తగ్గిందని తెర మీద చూపించింది. పిల్లలు పాడినంతసేపూ బాగానే మోగింది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం రాత్రంతా అదే టెన్షన్.

కీబోర్డ్ నడిచేది గోడ కరెంటుతోనే. లోపలున్న సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ పని వేరు. స్విచ్ ఆపేశాక కూడా మనం సేవ్ చేసుకున్నవి చెరిగిపోకుండా కాపాడేది అదే. ఈ మోడల్ 1988 నాటిది, మన ప్రోగ్రాములన్నీ, అంటే సేవ్ చేసుకున్న వాయిద్యాల ధ్వనులు, ర్యామ్‌లోనే ఉంటాయి. అది కరెంటు అందినంతసేపే గుర్తుంచుకునే మెమరీ. బ్యాటరీ పోతే అవన్నీ పోతాయి.

కంపెనీ ఇచ్చిన ధ్వనులైతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. కానీ మాస్టారు గారు ఏళ్ళ తరబడి శనివారాలన్నీ కూర్చుని చేసిన వీణ, నాదస్వరం ధ్వనులు అందులోనే ఉన్నాయి. గమకానికి జాయ్‌స్టిక్ ఎంత జరిపితే స్వరం ఎంత వంగాలో కూడా ఒక్కో ప్రోగ్రాంకు విడిగా పెట్టారాయన. ఇప్పుడు కాకినాడలో ఉంటున్నారు, చూపు తగ్గింది. మళ్ళీ చేసిపెట్టమని ఆయన్ని ఎలా అడుగుతాం?

అందుకే ముందు కాపీ, తర్వాతే స్క్రూడ్రైవర్. కీబోర్డ్‌ను లాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ మిడి కేబుల్ ఎవరి దగ్గరైనా ఉందా?

వేదిక బాధ్యత:
కేబుల్ మా అబ్బాయి దగ్గర ఉంది అక్కా, రేపు తెస్తాను. చిన్న సందేహం. పాత ర్యామ్ కార్డు ఒకటి పెట్టెలో ఉంది కదా, అందులో సేవ్ చేస్తే సరిపోదా?

సంగీతం బాధ్యత:
ఆ కార్డుకూ లోపల సొంత బ్యాటరీ ఉంటుంది తమ్ముడూ, దానిదీ అదే వయసు. లాప్‌టాప్‌లోకే తీసుకుందాం. కీబోర్డ్ సెట్టింగులుండే గ్లోబల్ మోడ్‌లో డేటా డంప్ ఉంటుంది, మెమరీలో ఉన్నదంతా కేబుల్ మీదుగా పంపేస్తుంది, నిమిషం కూడా పట్టదు. రెండుసార్లు తీసి, రెండు ఫైళ్ళూ ఒకే సైజులో ఉన్నాయో లేదో చూడాలి. ఒకటి సంఘం డ్రైవ్‌లో పెడతాను.

సౌండ్ బాధ్యత:
సోల్డరింగ్ నేను చేస్తాను అక్కా. కీబోర్డ్ ఆన్‌లోనే ఉంచి బ్యాటరీ మారిస్తే మెమరీ చెరగదని ఎవరో చెప్పారు. అలా చేద్దామా?

సంగీతం బాధ్యత:
వద్దు బాబూ, దయచేసి వద్దు. పవర్ సప్లై కీబోర్డ్ లోపలే ఉంది, అక్కడ మన గోడ కరెంటు 120 వోల్టులు ఉంటాయి. ఫైలు చేతిలో ఉన్నాక మెమరీ చెరిగినా భయం లేదు. ప్లగ్ పీకేసి, కాసేపు ఆగి, అప్పుడు విప్పుదాం. పవర్ సప్లై వైపు మాత్రం చెయ్యి పెట్టకు.

ఇంకొకటి. పాత బ్యాటరీ రేకులతో బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది. కొత్త బిళ్ళను నేరుగా సోల్డర్ చేయకూడదు. లిథియం కాబట్టి వేడికి పగిలిపోవచ్చు. బోర్డుకు హోల్డర్ సోల్డర్ చేసి, అది చల్లారాక బిళ్ళ పెడదాం. ఈసారి ఆ ఖర్చు పెట్టుకుంటే, వచ్చేసారి సోల్డరింగ్ అవసరమే ఉండదు. పాతది తీసేముందు ప్లస్ ఎటు ఉందో ఫోటో తియ్యి. కొత్త బిళ్ళ మల్టీమీటర్‌లో 3 వోల్టులు, లేదా కొంచెం పైన చూపించాలి.

భోజనాల బాధ్యత:
ఆదివారం మా బేస్‌మెంట్‌లో పెట్టుకోండి. పెద్ద బల్ల ఉంది, పిల్లలు కిందికి రాకుండా నేను చూసుకుంటాను. పులిహోర చేస్తాను.

సౌండ్ బాధ్యత (ఆదివారం సాయంత్రం):
అయిపోయింది. పాత బ్యాటరీ 2.4 వోల్టులు చూపించింది. ఆన్ చేయగానే పేర్లన్నీ పిచ్చి అక్షరాలుగా కనబడ్డాయి, గుండె ఆగినంత పనైంది. గ్లోబల్‌లో మెమరీ ప్రొటెక్ట్, అంటే మెమరీ మారకుండా ఉంచే తాళం, తీసేసి ఫైలు పంపాం, అన్నీ తిరిగొచ్చాయి. మార్చిన తేదీ రాసి అడుగున కాగితం అంటించాను.

సంగీతం బాధ్యత:
మాస్టారు గారికి ఫోన్‌లో వీణ వినిపించాను. "గాంధారం దగ్గర ఇంకాస్త ఊగాలమ్మా" అన్నారు. బుధవారం రిహార్సల్ మామూలుగానే 7 గంటలకు.