అప్‌డేట్: ఉత్ప్రేరకం వేస్తే వేడి ఎక్కువ పుడుతుందా?

హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో చిటికెడు పొటాషియం అయోడైడ్ వేస్తే గ్లాసు వేడెక్కింది, వేయనిది చల్లగానే ఉంది, మరి ఉత్ప్రేరకం (చర్యను వేగవంతం చేసే పదార్థం, ఇక్కడ ఆ అయోడైడ్) అదనంగా శక్తి ఇస్తోందా అని అడిగాను కదా. ఇవ్వట్లేదు. నేను తికమకపడింది వేడికీ వేగానికీ మధ్య.

ఒక మోల్ (అంటే సుమారు 34 గ్రాముల) పెరాక్సైడ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతే సుమారు 98 కిలోజౌళ్లు వెలువడతాయి. అయోడైడ్ ఉన్నా లేకున్నా అంతే. 3 శాతం ద్రావణానికి లెక్క వేసి చూశాను: వేడి ఎటూ పోకపోతే ఉష్ణోగ్రత దాదాపు 20 డిగ్రీలు పెరగాలి. అయోడైడ్ లేని గ్లాసులో ఇదే వేడి నెలల తరబడి కొద్దికొద్దిగా పుట్టి గాలిలో కలిసిపోతుంది. చేతికి తెలిసేదెక్కడ!

అసలు మజా దారి మారడంలో ఉంది. అయోడైడ్ ముందు పెరాక్సైడ్ నుంచి ఒక ఆక్సిజన్‌ను లాక్కుని హైపోఅయోడైట్ అవుతుంది. ఇదే నెమ్మది దశ. ఆ హైపోఅయోడైట్ ఇంకో పెరాక్సైడ్ అణువుతో చర్య జరిపి ఆక్సిజన్ వాయువును వదిలి, మళ్లీ అయోడైడ్‌గా తిరిగొస్తుంది. ఇలా దారి మారడంతో ఉత్తేజన శక్తి, అంటే చర్య జరగాలంటే అణువులు దాటాల్సిన శక్తి గడప, మోల్‌కు సుమారు 75 నుంచి 56 కిలోజౌళ్లకు దిగుతుంది. తేడా చిన్నదే అనుకున్నాను గానీ, చర్య వేగాన్ని లెక్కగట్టే ఆరీనియస్ సమీకరణంలో అది ఘాతాంకంలో కూర్చుంటుంది. మిగతావన్నీ సమానమనుకుంటే గది ఉష్ణోగ్రత దగ్గర వేగం రెండు వేల రెట్లు!

నురగ పసుపెక్కడం మాత్రం పక్క చర్య. కొంత అయోడైడ్ అయోడిన్‌గా మారుతుంది. కాబట్టి "ఉత్ప్రేరకం అస్సలు మారదు" అన్న నా నోట్సులోని వాక్యాన్ని కొట్టేశాను.