పక్క కణాలతో కలిపినా అన్నీ ఒకేలా వస్తున్నాయి, డెల్టా–నాచ్ మోడల్‌లో ఎక్కడ చూడాలి?

గుంటూరు_హారిక:
నమస్తే అండి, గుంటూరులో ఎమ్మెస్సీ బయోటెక్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి కోలియర్, మంక్, మెయినీ, లూయిస్ 1996లో ఇచ్చిన డెల్టా–నాచ్ మోడల్ తీసుకున్నాను. డెల్టా, నాచ్ రెండూ కణాల ఉపరితలం మీద ఉండే ప్రొటీన్లు, వీటితోనే పక్క కణాలు ఒకదానికొకటి సంకేతాలిచ్చుకుంటాయి. పక్క కణాల్లో డెల్టా ఎక్కువుంటే ఈ కణంలో నాచ్ పెరుగుతుంది, నాచ్ పెరిగితే ఇక్కడి డెల్టా తగ్గుతుంది. షడ్భుజాల గ్రిడ్ మీద పైథాన్‌లో రాశాను, కానీ కణాలన్నీ ఒకే విలువ దగ్గర ఆగిపోతున్నాయి. డెల్టా ఎక్కువున్న కణం ఒకటి, చుట్టూ ఆరు తక్కువవి, అలా రావాలి కదా? హిల్ ఘాతాలు (డెల్టాకి నాచ్, నాచ్‌కి డెల్టా ఎంత నిటారుగా స్పందించాలో చెప్పే అంకెలు) రెండూ 1, మొదటి విలువలు అన్నిటికీ 0.5. వచ్చే వారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_రవి:
ముందు ఆ 0.5 సంగతి చూడమ్మా. నెట్‌వర్క్ ఒకటే, మొదలూ ఒకటే అయితే కణాలన్నీ ఒకే దారిన పోవాల్సిందే. ఒక్కోదానికి ఒక శాతం అటూ ఇటూ ర్యాండమ్‌గా ఇవ్వు. నిజం కణాల్లో ఆ మాత్రం తేడా ఎలాగూ ఉంటుంది.

కృష్ణలంక_కోడర్:
రవి గారు చెప్పింది చెయ్యాల్సిందే, కానీ ఘాతాలు 1 ఉన్నంతవరకు ఎంత తేడా ఇచ్చినా మళ్లీ సమానమైపోతాయి. ఇక్కడ ఫీడ్‌బ్యాక్ ఒక్క కణంలో పూర్తవదు, నా డెల్టా పక్కవాడి నాచ్‌ని పెంచి, వాడి డెల్టాని తగ్గించి, అలా తిరిగి నా నాచ్ దగ్గరికి వస్తుంది. కణాలన్నీ ఒకే విలువలో ఉండే సమాన స్థితి దగ్గర రెండు ఫంక్షన్ల (డెల్టా నాచ్‌ని పెంచేది, నాచ్ డెల్టాని తగ్గించేది) వాలులు గుణించి, గుర్తు వదిలేసి చూడు. రెండే కణాలైతే అది 1 దాటితే చాలు. షడ్భుజాల్లో పక్కవాళ్లు తమలో తాము కూడా పక్కవాళ్లే కాబట్టి ఆరుగురూ ఒకేసారి నాకు పూర్తిగా ఎదురు తిరగలేరు, అందుకే 2 దాటాలి. ఘాతాలు 1, 1 అయితే ఆ లబ్ధం ఎప్పుడూ 1 లోపే. 2, 2 పెట్టి, పేపర్‌లో ఉన్నట్టే ఆ రెండు ఫంక్షన్లలోని స్థిరాంకాలు ఎ 0.01, బి 100 ఇవ్వు. పక్క కణాలని స్థిరమైన ఇన్‌పుట్‌గా పెట్టేసే మోడళ్లు నాకు నచ్చనిది ఇందుకే, అసలు విషయమంతా ఆ తిరిగి రావడంలోనే ఉంది.

గుంటూరు_హారిక:
వచ్చేసింది అండి, చాలా థాంక్స్! కాకపోతే అంచుల్లో డెల్టా ఎక్కువున్న కణాలు మరీ గుంపుగా వస్తున్నాయి.

కృష్ణలంక_కోడర్:
అంచు కణానికి పక్కవాళ్లు తక్కువ, అయినా 6తోనే భాగిస్తున్నట్టున్నావు, దాంతో అణచివేత తగ్గిపోతుంది. ఉన్నవాళ్ల సంఖ్యతో భాగించు, లేదా ఎదురెదురు అంచులు కలిపేసి గ్రిడ్ 12 బై 12 పెట్టు. అప్పుడూ అక్కడక్కడా వరస చెదురుతుంది, మొదలు ర్యాండమ్ కాబట్టి అది మామూలే, రివ్యూలో అడిగితే ధైర్యంగా అదే చెప్పు.

బెజవాడ_రవి:
వీలుంటే జీబ్రాఫిష్ పిండం గురించి కూడా ఒక స్లయిడ్ పెట్టు. అక్కడ సుమారు 30 నిమిషాలకోసారి పని పెరిగి తగ్గుతూ ఊగే జన్యువులని పక్క కణాలతో ఒకే లయలో ఉంచేది కూడా ఈ డెల్టా–నాచే.