‘ది గ్రేటెస్ట్ హిట్స్’ క్లైమాక్స్ నాకు మోసంలా అనిపించింది, మీకు? (స్పాయిలర్లు ఉన్నాయి)

మలక్‌పేట్_మాటినీ:
2024లో వచ్చిన ఇంగ్లిష్ సినిమా, డైరెక్టర్ నెడ్ బెన్సన్. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తా. హారియట్ (లూసీ బాయింటన్) ప్రియుడు మాక్స్ కారు యాక్సిడెంట్‌లో పోతాడు. ఇద్దరూ కలిసి విన్న పాట ఏదైనా చెవిన పడితే చాలు, ఆమె ఆ రోజులోకి వెళ్లిపోతుంది. అందుకే బయటికొస్తే హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఎన్నిసార్లు వెళ్లి హెచ్చరించినా లాభం ఉండదు. ఆఖరికి మొదటిసారి కలిసిన రోజుకే వెళ్లి, అసలు పరిచయమే కాకుండా తప్పుకుంటుంది, అతను బతుకుతాడు. అందరూ త్యాగం త్యాగం అంటున్నారు. గంటన్నర సేపు దుఃఖం గురించి చెప్పి, చివర్లో చావునే కొట్టేస్తే ఇక ఏడవడానికి ఏం మిగిలింది?

శైలు_సికింద్రాబాద్:
మోసం ఏంటండీ! ‘ఎక్కడున్నా చల్లగా ఉంటే చాలు’ అని మన పెద్దవాళ్లు అనరా? అతను బతికే ఉంటాడు, కానీ ఈమె ఎవరో తెలియదు. అది పోగొట్టుకోవడం కాదా?

మలక్‌పేట్_మాటినీ:
మన ‘ఒకే ఒక జీవితం’ (2022) చూడండి. శర్వానంద్ అమ్మను కాపాడుకోవడానికి 1998కి వెళ్తాడు, అతను పాటగాడు, స్టేజ్ ఎక్కాలంటే భయం. అయినా అమ్మ చావు ఆగదు. టైం మెషిన్ పెట్టి కూడా చావును చావులాగే ఉంచారు, అమ్మగా అమల కనిపించిన ప్రతి సీన్‌లో గొంతు పట్టేసేది అందుకే.

డీజే_బాధితుడు:
నా బాధ వేరు. ఈ హారియట్ హైదరాబాద్‌లో ఉంటే నిమజ్జనం రోజు పరిస్థితి ఏంటి భయ్యా? ట్యాంక్‌బండ్ డీజే ముందు ఏ హెడ్‌ఫోన్స్ ఆగుతాయి 😂 సీరియస్‌గా అడుగుతున్నా, వాళ్ల పరిచయం చెరిపేసే ముందు మాక్స్‌ని ఎవరన్నా అడిగారా? జీవితం అతనిది కూడా కదా.

శైలు_సికింద్రాబాద్:
అడగడం దాకా ఎందుకు, యాక్సిడెంట్ గురించి చెప్తేనే నమ్మలేదు కదా తమ్ముడూ. ఇంకో మాట, మీరంతా డేవిడ్‌ని వదిలేశారు. అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, అయినవాళ్లు పోయినవాళ్లంతా కూర్చుని బాధ పంచుకునే గ్రీఫ్ గ్రూప్‌కి వచ్చి, అక్కడ హారియట్‌కి పరిచయమైన అబ్బాయి, జస్టిన్ మిన్ ఎంత నెమ్మదిగా చేశాడో. అతన్ని వెనక్కి తీసుకెళ్లే పాట ఏదీ లేదు. రోజూ పొద్దున లేచి ఆ బాధతోనే పనికి పోవాలి. మీరు వెతికే దుఃఖం అక్కడుంది.

మలక్‌పేట్_మాటినీ:
సరే, మరి సినిమా అతని దగ్గర ఎందుకు ఆగలేదండీ? ఒకరికి వరం, ఇంకొకరికి ఏమీ లేదు, నాకు అదే అసలు కథ. దాన్ని వదిలేసి మాక్స్‌ని బతికించడానికి పరిగెత్తారు.

డీజే_బాధితుడు:
అన్నా, కొత్త టైంలైన్‌లోనైనా డేవిడ్ వాళ్ల అమ్మానాన్న రారు కదా. మాక్స్ ఒక్కడే బతికాడు. ఇప్పుడు నాకూ కోపమొస్తోంది.