డిమెన్షియాను టెక్నాలజీతో ముందే కనిపెట్టడం మంచిదా, కాదా?

పెద్దకూతురు: మాట, నడక, టైపింగ్‌లో వచ్చే చిన్న చిన్న మార్పులను బట్టి డిమెన్షియాను, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బును, ముందే పసిగట్టే ఫోన్ యాప్‌ల మీద పరిశోధనలు జరుగుతున్నాయి. నేనైతే రావాలనే అంటాను. మా అమ్మ ఒకే నెలలో కరెంటు బిల్లు మూడుసార్లు కట్టింది. వయసు కదా అని వదిలేశాం. రెండేళ్ల తర్వాత డాక్టరు గడియారం బొమ్మ గీయమంటే 12 అంకెలనూ కుడివైపే ఇరికించేసింది. గీసి, నా వైపు తిరిగి "సరిగ్గానే ఉంది కదే?" అంది. ముందే తెలిసుంటే బ్యాంకు పనులు, ఆస్తి కాగితాలు తన ఇష్టప్రకారం తనే చక్కబెట్టుకునేది. ఇప్పుడవన్నీ మేం నిర్ణయిస్తున్నాం. నన్ను తొలిచేసేది అదే.

ఒప్పుకోను: మీ బాధ అర్థమైందండీ. కానీ నయం చేసే మందే లేనప్పుడు తెలిసి ఏం లాభం? డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జైమర్స్‌కు ఇచ్చే లెకానెమాబ్ మందు కూడా ట్రయల్‌లో 18 నెలలకు క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసింది, అంతే. పైగా మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు. మెదడులో అమిలాయిడ్ (అల్జైమర్స్‌లో కనిపించే ప్రొటీన్) పేరుకున్న ప్రతివాళ్లకూ మతిమరుపు రాదు కూడా. రాని జబ్బు కోసం ఇరవై ఏళ్లు టెన్షన్ పడాలా? ఆ సమాచారం ఇన్సూరెన్స్ వాళ్ల చేతిలో పడితే?

మెమరీ క్లినిక్ నర్సు: ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. 2025 మేలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన మొదటి అల్జైమర్స్ రక్తపరీక్ష లక్షణాలు కనిపిస్తున్నవాళ్లకే. ఏ ఇబ్బందీ లేనివాళ్లను జల్లెడ పట్టడానికి కాదు. ఆ ఒక్క ఫలితంతో జబ్బును తేల్చేయరు కూడా. అయితే లక్షణాలు మొదలయ్యాక మాత్రం ఆలస్యం చేయొద్దు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని నిద్రమాత్రలు... వీటి వల్ల కూడా మతిమరుపు వస్తుంది, వీటికి చికిత్స ఉంది. "ఇక అయిపోయింది" అనుకుని వచ్చి, నెలల్లోనే తేరుకున్నవాళ్లను చూశాను.

ఒప్పుకోను: లక్షణాలున్నవాళ్లకైతే సరే, పరీక్ష చేయించాల్సిందే. నా అభ్యంతరమంతా మనిషికి చెప్పకుండా ఫోన్ రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండటం మీదే.

పెద్దకూతురు: అందులో మీతో నాకు పేచీ లేదు. అలాంటి యాప్ వస్తే నా ఫోన్‌లో నేనే వేసుకుంటాను. ఫలితం మాత్రం ముందు నాకే రావాలి, మా పిల్లలకు కాదు. ఎప్పుడు చెప్పాలో నేనే చూసుకుంటాను.