సమస్య: "శివుని నిందించువారికే సిరులు గలుగు"

నిర్వాహకుడు: ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి. ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే గురువు U, లఘువు I అక్షరాల గుంపు). నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అది పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. ప్రాసయతి, అంటే వాటి బదులు వాటి పక్క అక్షరాలు కలవడం, చెల్లుతుంది. సమస్యలో శి–సి యతి సరిపోయింది కనుక చిక్కంతా అర్థంలోనే. దాన్ని విప్పాలి, దాటెయ్యకూడదు.

పద్యప్రియ:
దక్షు డెగ్గాడి కోల్పోయె దనదు తలను,
వినియు నా కథ, మూఢులు వీధి వీధి
పలుకుచుందురు జంకు లేక పాపమతులు
"శివుని నిందించువారికే సిరులు గలుగు".

గణకుడు: పద్యప్రియ గారూ, మూడో పాదంలో గణభంగం. "పలుకు" నగణం (III), "చుందురు" భగణం (UII), తర్వాత "జంకు లేక" UIUI. అలాంటి ఇంద్రగణం లేదు. "జంకు లే" అని రగణం (UIU) దగ్గర ఆపితే "క" యతిస్థానంలోకి వచ్చి పడుతుంది, "ప"తో కుదరదు. చదివితే సాఫీగానే సాగుతుంది, అందుకే ఈ తప్పు చెవికి దొరకదు. "జంకక" అనండి: భగణం, అర్థం అదే.

నిర్వాహకుడు: మొదటి పాదం ఎత్తుగడ చాలా బాగుంది. "కోల్పోయెన్" ద్రుతం (చివరి న్) మీద "తనదు", "దనదు" కావడం కూడా సరైనదే. కానీ సమస్యను మూఢుల నోట పెట్టడం ఏ సమస్యకైనా పట్టే మారుతాళం. విరోధం అలాగే ఉండిపోయింది.

ఛందోభిలాషి:
మంచి నెరుగక, ధర్మంబు నెంచకుండ
సాధుజనులను బాధించు జడుని, ఖలుని,
లోకమున కెగ్గు చేయు నా లోభగుణు, న
శివుని నిందించువారికే సిరులు గలుగు.

గణకుడు: భేష్! "లోభగుణున్ + అశివుని (అమంగళుణ్ణి)". ద్రుతంతో కలిసిన అకారం పైపాదంలో ఉండిపోయి, సమస్య ఒక్క అక్షరమూ మారకుండా అర్థం తిరగబడింది. "లోభగుణున్" ద్వితీయా విభక్తిలో ఉంది కనుకే ఇక్కడ ఆ "న" వచ్చింది. మంచి–నెంచ ప్రాసయతి సరే, రెంటా ముందక్షరం గురువే. జడుడు, ఖలుడు, లోభగుణుడు అని విశేషణాలు పోగుపడ్డాయి, అదొక్కటే లోటు.

భస్మాంగి:
బిచ్చమెత్తెడు వాడని, విషము గొన్న
వెర్రివాడని, బూడిద వేల్పటంచు
ప్రేమ మీరగ గీతాల బిలిచి పిలిచి
శివుని నిందించువారికే సిరులు గలుగు.

పద్యప్రియ: బి–వి యతి చెల్లుతుందాండీ?

గణకుడు: చెల్లుతుంది, ప ఫ బ భ వలకు మైత్రి ఉంది. ప్రే–బి కూడా అంతే, ఏత్వానికి ఇత్వంతో పొత్తు.

నిర్వాహకుడు: నాకు నచ్చిన పూరణ ఇదే. మాట విరవలేదు, ఎవరి నోటా పెట్టలేదు. నింద నిందగానే ఉంటూ స్తుతి అయింది. ఆంధ్రనాయక శతకంలో కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి (విష్ణువుని) సీసపద్యాల్లో దెప్పిన దారి ఇదే. "ప్రేమ మీరగ" మాత్రం కదపకండి, అది తీస్తే పై రెండు పాదాలూ ఒట్టి తిట్లు.