విండోస్‌లో కంపైల్ అయిన కోడ్ లినక్స్‌లో "ఫైలు లేదు" అంటోంది

ప్రశ్న (వేణు_సీపీపీ):
మా సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు విండోస్‌లో ఏళ్లుగా ఇబ్బంది లేకుండా కంపైల్ అవుతోంది. ఇప్పుడు ఉబుంటులో (లినక్స్) జీసీసీ కంపైలర్‌కు ఇస్తే మొదటి ఫైలు దగ్గరే ఆగిపోతోంది. అడిగిన హెడర్ (ఇన్‌క్లూడ్ వరుసతో కోడ్‌లోకి తెచ్చుకునే ఫైలు) ఫోల్డర్‌లో కళ్లెదుటే ఉంది. తేడా ఒక్కటే: ఇన్‌క్లూడ్ వరుసలో పేరంతా చిన్న అక్షరాలు, డిస్కు మీద మొదటి అక్షరం పెద్దది. ఇలాంటివి చాలా ఉన్నాయి. అన్నింటికీ చిన్న అక్షరాలతో సింబాలిక్ లింకులు (అసలు ఫైలును చూపే మారుపేర్లు) పెట్టేస్తే సరిపోతుందా? పైగా ఒక ఫైలు పేరులో పెద్ద అక్షరాన్ని చిన్నదిగా మార్చినా, గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం) ఏ మార్పూ లేదంటోంది.

జవాబు (పాతసర్వర్):
లింకులు దయచేసి వద్దండి. వాటిని రిపాజిటరీలో (గిట్ దాచే కోడ్ భాండారంలో) చేర్చిన రోజునుంచి విండోస్‌లో క్లోన్ చేసేవారికి కష్టాలు మొదలవుతాయి, రెండు పేర్లూ అక్కడ ఒకటే కాబట్టి. లినక్స్ కెర్నల్ సోర్సునే చూడండి: నెట్‌ఫిల్టర్ భాగంలో కొన్ని ఫైళ్ల పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా తప్ప మరేమీ లేదు. మ్యాక్ మామూలు డిస్కు మీద క్లోన్ చేస్తే ప్రతి జంటలో ఒకటే మిగులుతుంది.

విండోస్ డిస్కుల ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ మీరు పెట్టిన పేరును ఉన్నదున్నట్టే దాచుకుంటుంది. విండోస్ వెతికేటప్పుడు మాత్రం పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు. లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 మామూలుగా ఆ తేడాను పట్టించుకుంటుంది. అందుకే తప్పు ఇన్నాళ్లూ బయటపడలేదు.

నేనైతే విండోస్‌లోనే ఒకసారి క్లాంగ్ అనే కంపైలర్‌తో కంపైల్ చేస్తాను. కోట్స్‌లో రాసిన ఇన్‌క్లూడ్ పేరు డిస్కు మీది పేరుతో సరిగ్గా కలవకపోతే అది హెచ్చరిస్తుంది, సరైన పేరూ చూపిస్తుంది. ఆ జాబితా చూస్తూ ఇన్‌క్లూడ్ వరుసలను దిద్దండి. ఫైళ్ల పేర్ల జోలికి వీలైనంత వరకు వెళ్లవద్దు.

మార్చక తప్పని ఫైలుకు పేరు మార్చే 'గిట్ ఎంవీ' ఆదేశం వాడండి: ముందు వేరే పేరుకు, అక్కడి నుంచి కావలసిన పేరుకు. పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడాను వదిలేయాలా అని చెప్పే 'కోర్ ఇగ్నోర్‌కేస్' సెట్టింగును డిస్కు తీరు చూసి గిట్ తానే నిర్ణయించుకుంటుంది. విండోస్‌లో దాన్ని చేత్తో మార్చితే కొత్త తలనొప్పులే.

జవాబు (హెడర్_వేట):
పైవారు చెప్పింది సరైనదే. ఒక్క మాట కలుపుతాను. విండోస్ 10లో 2018 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి ఒక్కో ఫోల్డర్‌కు అక్షరాల తేడా పాటించమని 'ఎఫ్‌ఎస్‌యుటిల్' అనే ఆదేశంతో చెప్పవచ్చు. లోపల ముందే ఉన్న ఫోల్డర్లకు అది వర్తించదు, ఒక్కొక్కదానికీ విడిగా ఇవ్వాలి. లినక్స్ మీద మింగ్‌డబ్ల్యూ అనే కంపైలర్ సాధనాలతో విండోస్ ప్రోగ్రాములు కట్టేవారు 'విండోస్.హెచ్' హెడర్ పేరును పూర్తిగా చిన్న అక్షరాల్లో రాయాలి. విండోస్‌లోనూ అది చెల్లుతుంది.

వేణు_సీపీపీ:
ధన్యవాదాలండి. క్లాంగ్ జాబితా వచ్చింది, అందులో ఫోల్డర్ల పేర్లూ ఉన్నాయి. అవన్నీ దిద్దాక కూడా రెండు ఫైళ్లు లినక్స్‌లో దొరకడం లేదు. పేర్లు అక్షరం అక్షరం సరిపోయాయి.

పాతసర్వర్:
ఆ వరుసల్లో ఫోల్డర్‌కూ ఫైలుకూ మధ్య ఉన్న గీత చూడండి. బ్యాక్‌స్లాష్ అయితే లినక్స్‌లో అది పేరులో భాగమైపోతుంది. మామూలు స్లాష్ పెట్టండి, విండోస్ కంపైలర్లూ దాన్ని ఒప్పుకుంటాయి.